తొలి ఏడాది కుర్రాడి నెత్తిన పదమూడేళ్ళ బాకీ

మొన్నామధ్య ఒక తెలుగువాళ్ళింట్లో శ్రీమంతానికి వెళ్తే, భోజనాలయ్యాక మగవాళ్ళంతా కింద బేస్‌మెంట్‌లో టీవీ ముందు చేరారు. ఫుట్‌బాల్ సీజన్ అయిపోయింది కాబట్టి ఎవరెవరు ఎలా ఆడారో లెక్కలు తేల్చే పనిలో పడ్డారు. న్యూజెర్సీకి నాకన్నా చాలా ముందే వచ్చి స్థిరపడిన ఒకాయన చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు: "అబ్దుల్ కార్టర్ శుద్ధ దండగ అన్నా. మూడో నంబర్ పిక్ పెట్టి తెచ్చుకున్నాం. ఏడాదంతా ఆడి నాలుగంటే నాలుగు శాక్‌లు. వట్టి హడావుడే." చుట్టూ ఉన్నవాళ్ళంతా ఔనంటే ఔనన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదే పెద్దమనిషి పోయిన ఏప్రిల్‌లో, డ్రాఫ్ట్ రాత్రి, పనిగట్టుకుని ఫోన్ చేసి "లారెన్స్ టేలర్ మళ్ళీ పుట్టాడన్నా" అన్నాడు. కుర్రాడికి నంబర్ ఖాయం కాగానే కొడుక్కి జెర్సీ కూడా కొన్నాడు.

ఏప్రిల్‌లో దేవుడు, జనవరికి దండగ. ఆ మధ్య నెలల్లో ఆ కుర్రాడు మైదానంలో ఏం చేశాడో, ఏం చేయలేకపోయాడో, ఎందుకు చేయలేకపోయాడో చెప్పగలిగినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు.

ఆయన ఒక్కడి మాటే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ ఇది అమెరికాలో ఏటా జరిగే తంతు. వసంతంలో ఒక డిఫెన్స్ కుర్రాణ్ణి ఎంచుకుని నెత్తికెత్తుకోవడం, ఆకులు రాలే వేళకు నేలకేసి కొట్టడం. ఎవరైనా ఇదేమిటంటే అందరూ ఒకటే పాట: "అభిమానమంటే అంతేనండీ. ఆశపడతాం, తిడతాం, మళ్ళీ ఆశపడతాం. ఇందులో ఎవడికేం నష్టం?" నష్టం ఉంది. ఒకళ్ళకు నష్టం, ఇంకొకళ్ళకు చక్కటి లాభం. దీన్ని ఆట మీద ప్రేమ అని పిలవడం నాకు అస్సలు మింగుడు పడదు.

ఈ ఆట చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఒక్కో వైపు పదకొండుమంది ఉంటారు. దాడి చేసే జట్టుకు క్వార్టర్‌బ్యాక్ సారథి, బంతి విసిరేది అతనే. అతను విసరకముందే మీదపడి కూలదోస్తే దాన్ని శాక్ అంటారు. ఆ పని మీదే ప్రధానంగా ఉండేవాళ్ళు వరసకు రెండు చివర్లా నిలబడే ఎడ్జ్ రషర్లు. కార్టర్ అలాంటివాడు. ఫిలడెల్ఫియా కుర్రాడు, పెన్ స్టేట్‌లో చదివాడు, 2024లో కాలేజీ ఆటలో 12 శాక్‌లు చేశాడు. భుజానికి దెబ్బ తగిలి కట్టుతోనే నోటర్ డామ్ మీద సెమీఫైనల్ ఆడాడు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమం డ్రాఫ్ట్, ఆ ఎంపికే పిక్. 2025 ఏప్రిల్ 24న గ్రీన్ బేలో జరిగిన డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జెయింట్స్ మూడోవాడిగా అతణ్ణి తీసుకుంది. అప్పటికి అతనికి 21 ఏళ్ళు.

ఇక ఆ నంబర్ గొడవ. కార్టర్ 56వ నంబర్ అడిగాడు. అది ఒకప్పటి జెయింట్స్ దిగ్గజం లారెన్స్ టేలర్ వేసుకున్న నంబర్, 1994లోనే జట్టు దాన్ని గౌరవంగా పక్కన పెట్టేసింది. టేలర్ ఇవ్వనన్నాడు. కాలేజీలో తాను వేసుకున్న 11 అడిగాడు. అదీ జట్టు పాత క్వార్టర్‌బ్యాక్ ఫిల్ సిమ్స్ పేర పక్కన పెట్టినదే, దానికీ కాదన్నారు. చివరికి 51 తీసుకున్నాడు. ఈ గొడవ వారాల తరబడి నడిచింది. ఇంకా ఒక్క మ్యాచ్ ఆడని కుర్రాడికి టేలర్ చొక్కా తొడగాలా వద్దా అని ఊరంతా రెండుగా చీలి కొట్టుకుంది. కార్టర్ అడగడం తప్పేనని చాలామంది అన్నారు. నేననను. ఆ వయసు పిల్లవాడి చెవిలో పొద్దున్నుంచి రాత్రి దాకా "నువ్వే కొత్త టేలర్‌వి" అని ఊదితే వాడు ఆ నంబర్ అడగక ఏం చేస్తాడు? ఊదినవాళ్ళే తర్వాత "ఎంత పొగరు" అన్నారు.

అసలు ఈ టేలర్ పోలికే నన్ను మొదటినుంచీ కాల్చుకు తింటోంది. 1981లో టేలర్ రెండో పిక్‌గా వచ్చాడు. ఆ ఏడాదే లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ రూకీ (అంటే తొలి ఏడాది ఆటగాడు) బహుమతి, మొత్తం లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి రెండూ పట్టుకెళ్ళాడు. ఒకే ఏడాది ఆ రెండూ గెలిచినవాడు అతనికి ముందూ లేడు, తర్వాతా లేడు. 1963 తర్వాత మొట్టమొదటిసారి జెయింట్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది కూడా ఆ ఏడాదే. ఇంతవరకూ అందరికీ కంఠతా వచ్చు. టేలర్ ఏ ఇంట్లో అడుగుపెట్టాడో మాత్రం ఎవరూ చెప్పరు. అతని పక్కన లైన్‌బ్యాకర్లుగా నిలబడ్డవాళ్ళు హ్యారీ కార్సన్, బ్రాడ్ వాన్ పెల్ట్, బ్రయన్ కెల్లీ. కార్సన్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. వాన్ పెల్ట్ అప్పటికే, ఏటా మేటి ఆటగాళ్ళకు మాత్రమే చోటు దక్కే ప్రో బౌల్స్ వరసగా ఐదు ఆడినవాడు. డిఫెన్స్ నడిపింది బిల్ పార్సెల్స్. అతని కింద సహాయకుడిగా పనిచేసిన కుర్ర కోచ్ బిల్ బెలిచిక్. ఈ ఆట చరిత్రలో డిఫెన్స్ బుర్రలంటూ లెక్కపెడితే ముందు వరసలో వచ్చే ఇద్దరు ఒకే గదిలో కూర్చుని టేలర్‌ను ఎక్కడ నిలబెట్టాలా అని ఆలోచించారు. ఒంటి చేత్తో జట్టును ఎత్తిన వీరుడు అనే కథ మనం తర్వాత అల్లుకున్నదే.

కార్టర్‌కు దొరికిన ఇల్లు ఎలాంటిది? నవంబర్ 10న ప్రధాన కోచ్ బ్రయన్ డేబోల్‌ను తీసేశారు. ఆ నెలలోనే డెట్రాయిట్ మీద చేతికొచ్చిన ఆట ఓవర్‌టైమ్‌లో పోగొట్టుకున్న మర్నాడు డిఫెన్స్ కోఆర్డినేటర్ షేన్ బోవెన్‌ను తీసేశారు. కార్టర్‌కు రోజూ మెళకువలు నేర్పాల్సిన కోచ్ చార్లీ బులెన్‌ను ఎత్తి మొత్తం డిఫెన్స్ నడపమన్నారు. పాఠం చెప్పే మనిషే సగం ఏడాదికి మాయమైతే పిల్లవాడి చదువు ఏమవుతుందో చెప్పడానికి ఫుట్‌బాల్ తెలియనక్కర్లేదు.

అక్టోబర్ 19న డెన్వర్‌లో జరిగిన ఆట ఒక్కటి చాలు. మూడు క్వార్టర్లు అయ్యేసరికి జెయింట్స్ 19, బ్రాంకోస్ సున్నా. నాలుగో క్వార్టర్ ఒక్కదాంట్లోనే 33 పాయింట్లు ఇచ్చేశారు. 37 సెకన్లు ఉందనగా మనవాళ్ళు మళ్ళీ ముందుకొచ్చారు. ఆ కాస్త టైమ్‌లో అవతలివాళ్ళు రెండు బంతులు విసిరి, ఆఖరి తన్నుతో 33-32గా గెలుచుకుపోయారు. ఆ నాలుగో క్వార్టర్ నేను మళ్ళీ పెట్టుకుని చూశాను. అందులో ఉన్నది ఒక రూకీ వైఫల్యం కాదు. వెనక కాపలా కాసేవాళ్ళు ఒకరినొకరు చూసుకోవడం, ఎవరు ఎవర్ని పట్టుకోవాలో తెలియక చేతులు చాపడం, క్వార్టర్‌బ్యాక్ పరిగెడుతుంటే మధ్యలో మనిషే లేకపోవడం. పదకొండుమంది, వాళ్ళ వెనక ఒక కోచింగ్ గది, ఆ గది వెనక ఒక ఆఫీసు, అందరూ కలిసి ఓడిపోయారు. మర్నాడు పొద్దున నా ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లలో మొదటిది: "మీ కొత్త టేలర్ ఎక్కడ?"

ఇప్పుడు ఆ నాలుగు శాక్‌ల సంగతి. ఇక్కడే నాకు కోపం ఆగదు. శాక్ అనే లెక్కను పట్టుకుని మనిషి విలువ కట్టడం ఈ ఆటకు పట్టిన పెద్ద జబ్బు. ఒక్క ప్లే దగ్గరగా చూద్దాం. కార్టర్ వరస చివర కుడిచేతి వేళ్ళు గడ్డికి ఆనించి వంగి ఉన్నాడు. బంతి కదిలింది. మొదటి అడుగులోనే తనను అడ్డుకోవాల్సిన టాకిల్ భుజాన్ని దాటేశాడు. అంతలో పక్కనుంచి టైట్ ఎండ్ వచ్చి పక్కటెముకల్లో ఒక్కటి తగిలించి, అప్పుడు తన దారిన తాను పరుగు తీశాడు. కార్టర్ తూలి, నేలకు సగం ఒంగి, మళ్ళీ లేచి వంపు తిరిగాడు. అతని చెయ్యి క్వార్టర్‌బ్యాక్ భుజం మీద పడింది. బంతి అప్పటికి వెళ్ళిపోయింది. మొత్తం రెండున్నర సెకన్లు. బంతి తడబడి పడి, అందుకోవాల్సినవాడికి అందలేదు. శాక్‌ల పద్దులో కార్టర్ పేరు పక్కన ఏం రాశారు? సున్నా. ఇలాంటి సున్నాలు గత సీజన్‌లో అతను చేసిన శాక్‌ల కన్నా ఎన్నో రెట్లు ఉన్నాయి. ఆ సున్నాలు అవతలివాడి గుండెలో దడ పుట్టించాయి. అందుకే అతని మీదకు ఇద్దరిద్దర్ని పంపారు. ఆ ఇద్దరూ అతని మీద ఉన్నప్పుడు అవతలి చివర దారి తేలికయ్యేది ఎవరికి? ఆ చివరన ఉన్న బ్రయన్ బర్న్స్ పదహారుకు పైగా శాక్‌లు చేశాడు. బర్న్స్ గొప్పవాడే, అందులో అనుమానం లేదు. కానీ ఒకరి లెక్కలో ఇంకొకరి చెమట కలిసి ఉంటుంది. వెనక కాపలా బాగుంటే క్వార్టర్‌బ్యాక్ ఎవరికి విసరాలో తెలియక బంతి పట్టుకుని నిలబడతాడు, అప్పుడు వచ్చినవాడికి శాక్ దక్కుతుంది. కాపలా కాసినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

అసలు 1982కు ముందు లీగ్ ఒక్కో ఆటగాడి శాక్‌లు అధికారికంగా లెక్కే పెట్టలేదు. టేలర్ ఆ గొప్ప మొదటి ఏడాది శాక్‌లు అధికారిక రికార్డుల్లో లేవు! ఏ మనిషిని కొలబద్దగా పట్టుకుని కార్టర్‌ను కొలుస్తున్నారో ఆ మనిషి తొలి ఏడాదికి ఆ లెక్కే లేదు. ఇంకో సంగతి. 2001 సీజన్ ఆఖరి ఆటలో, 2002 జనవరి 6న, జెయింట్స్ మైఖేల్ స్ట్రాహన్ 22.5 శాక్‌లతో మార్క్ గాస్టినో రికార్డు దాటాడు. ఆ ఆఖరి శాక్ వీడియో ఎవరైనా చూడొచ్చు. గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ తనంతట తనే నేల మీదకు జారాడు, స్ట్రాహన్ అతని మీద చెయ్యి వేశాడు. స్ట్రాహన్ మహానుభావుడు, ఆయన్ను నేనేమీ అనను. కానీ ఇరవై ఏళ్ళు మనం దేవుడి పటంలా పెట్టుకున్న రికార్డు ఆ విధంగా పూర్తయింది. మొన్న 2025లో క్లీవ్‌లాండ్ మైల్స్ గారెట్ 23 శాక్‌లతో ఆ రికార్డును కూడా దాటేశాడు. ఆ జట్టు ఆ ఏడాది గెలిచింది 5, ఓడింది 12. శాక్‌ల చక్రవర్తి ఉన్న జట్టే పన్నెండు ఆటలు ఓడింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కార్టర్‌లో తప్పే లేదని కాదు. నవంబర్‌లో అతను జట్టు పనులకు రావాల్సిన వేళకు రాలేదని తాత్కాలిక కోచ్ మైక్ కాఫ్కా అతణ్ణి ఆట మొదట్లో కూర్చోబెట్టాడు. డిసెంబర్ మొదట్లో న్యూ ఇంగ్లండ్ మీద మళ్ళీ అదే కారణానికి ఒక క్వార్టర్ మొత్తం కూర్చోబెట్టాడు. ఇది తప్పు, ఒప్పుకుని తీరాలి. వెనకేసుకు రావడానికి నేను అతని బంధువును కాను. కానీ ఆ శిక్ష వేయాల్సినవాడు వేశాడు, పడాల్సినవాడు పడ్డాడు. మొదటిసారి కూర్చోబెట్టేనాటికి అతని ఖాతాలో ఉన్నది అర శాక్. మిగతావన్నీ ఆ తర్వాతే వచ్చాయి. అంటే కుర్రాడు తన్నులు తిని లేచాడు. ఆ మాట మా బేస్‌మెంట్ పంచాయతీలో ఎవరి నోటా రాలేదు.

సరే, ఈ పొగడ్తల వల్ల నష్టమెవరికి, లాభమెవరికి అని మొదట్లో అన్నాను కదా. 2012 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాక జెయింట్స్ ప్లేఆఫ్స్ ముఖం చూసింది రెండే రెండుసార్లు, 2016లో, 2022లో. 2024లో 3 గెలుపులు, 14 ఓటములు. 2025లో 4 గెలుపులు, 13 ఓటములు. డ్రాఫ్ట్ నాటికి పదమూడేళ్ళుగా పేరుకుపోయిన బాకీ ఇది. కోచ్‌లను మార్చారు, మేనేజర్లను మార్చారు, ఎవర్ని నమ్మారో, ఎందుకు నమ్మారో జనానికి నోరు విప్పి చెప్పిన పాపాన పోలేదు. ఈ బాకీకి జవాబు చెప్పాల్సినవాళ్ళు పైన అద్దాల గదుల్లో కూర్చుని ఉన్నారు. ఏప్రిల్ రాగానే వేదిక మీదకు ఒక కుర్రాడు నవ్వుతూ వస్తాడు, జెర్సీ పట్టుకుని ఫోటో దిగుతాడు, అంతే, మన కోపమంతా కరిగి నీరవుతుంది. సీజన్ టికెట్లు మళ్ళీ కట్టేస్తాం. పైవాడి తప్పులన్నీ మాఫీ. ఆరు నెలలకు కుర్రాడు కాస్త తడబడితే ఆ కోపమంతా అతని మీదకు మళ్ళుతుంది. పైవాడికి రెండోసారి మాఫీ. యాజమాన్యానికి ఇంతకన్నా చవకైన రక్షణ కవచం దొరుకుతుందా?

చవక అనే మాట ఊరికే అనలేదు. 2010లో మొదటి పిక్‌గా వచ్చిన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఐదు కోట్ల డాలర్లు ఖాయంగా ఇచ్చే ఒప్పందం దొరికింది. 2011లో యజమానులూ ఆటగాళ్ళ సంఘమూ కుదుర్చుకున్న ఒప్పందంతో రూకీల జీతాలకు కట్టడి వచ్చింది. ఆ ఏడాది మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు నాలుగేళ్ళకు దక్కింది రెండు కోట్ల ఇరవై లక్షలు. పిక్ నంబర్‌ను బట్టి జీతం దాదాపు ముందే రాసిపెట్టి ఉంటుంది. మూడు సీజన్లు ముగిసేదాకా ఎంత బాగా ఆడినా ఒప్పందం మార్చమని అడగడానికి వీల్లేదు. మొదటి రౌండ్‌వాడైతే ఐదో ఏడాదికి కూడా జట్టు అతణ్ణి అట్టిపెట్టుకోవచ్చు. డాలస్ కౌబాయ్స్ మైకా పార్సన్స్ 2021లో రూకీగా 13 శాక్‌లు చేసి, ఉత్తమ డిఫెన్స్ రూకీ అయ్యాడు. నాలుగేళ్ళకు అతనికి దక్కింది కోటీ డెబ్భై లక్షల డాలర్లు. అర్వింగ్‌లో, ఫ్రిస్కోలో మన తెలుగు పిల్లలంతా 11 నంబర్ జెర్సీలేసుకుని తిరిగారు. అతను తన కష్టానికి తగిన ధర అడిగేసరికి 2025 ఆగస్ట్ 28న గ్రీన్ బేకు పంపించేశారు. అక్కడ నాలుగేళ్ళకు 18.8 కోట్లు ఇచ్చారు. ఇంతకాలం నెత్తిన పెట్టుకున్నవాళ్ళలో ఎంతమంది యజమానిని నిలదీశారు? "డబ్బు కోసం వెళ్ళిపోయాడు" అన్నవాళ్ళను నా చెవులతో విన్నాను.

మెట్‌లైఫ్ స్టేడియంలో జెయింట్స్‌తో పాటు కాపురముండే జెట్స్ కథా ఇంతే. 2022లో నాలుగో పిక్‌గా వచ్చిన సాస్ గార్డ్‌నర్ మొదటి ఏడాదే ఆల్-ప్రో మొదటి జట్టుకు ఎక్కాడు, మరుసటి ఏడాదీ ఎక్కాడు. అతను కార్నర్‌బ్యాక్, అంటే అవతలివాడి మేటి ఆటగాణ్ణి నీడలా అంటిపెట్టుకునేవాడు. అంత బాగా అంటిపెట్టుకుంటే అటువైపు బంతే విసరరు. విసరకపోతే పట్టుకునేదేముంటుంది? కానీ అభిమానులు ఇంటర్‌సెప్షన్లు, అంటే అవతలివాళ్ళు విసిరిన బంతిని లాక్కోవడాలు, ఎన్ని అని వేళ్ళ మీద లెక్కపెట్టారు. 2025 జూలైలో అతనితో పన్నెండు కోట్ల పైచిలుకు డాలర్ల ఒప్పందం రాసుకున్న యాజమాన్యం, నవంబర్ 4న అతణ్ణి ఇండియానాపోలిస్‌కు పంపేసింది. మూడేళ్ళ కిందట అతని పేరు పెట్టి పాటలు పాడుకున్నవాళ్ళు ఆ రోజు "రెండు మొదటి రౌండ్ పిక్‌లు వచ్చాయి, మంచి బేరం" అని సంబరపడ్డారు. ఆ రెండు పిక్‌లతో ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు వస్తారు. వాళ్ళనూ ఇలాగే ఎత్తి, ఇలాగే పడేస్తారు.

పందేల సంగతి చెప్పకపోతే ఈ కోపం పూర్తి కాదు. మన న్యూజెర్సీ కేసులోనే 2018లో సుప్రీంకోర్టు ఆటల మీద పందేలకు తలుపు తెరిచింది. ఇప్పుడు ఉత్తమ డిఫెన్స్ రూకీ ఎవరనే దాని మీద పందెం, ఈ ఆదివారం ఫలానావాడు శాక్ చేస్తాడా లేదా అనే దాని మీద పందెం. మన పిల్లలు ఫోన్ పట్టుకుని అరుస్తుంటే ఆట కోసం అరుస్తున్నారో, పెట్టిన ఇరవై డాలర్ల కోసం అరుస్తున్నారో తల్లిదండ్రులకు తెలియదు. డబ్బు పోగొట్టుకున్నవాడు ఆటగాడికి రాసే బూతు మెసేజ్‌లను కూడా అభిమానం పద్దులోనే వేద్దామా?

"అయినా తొలి ఏడాదిలో మెరిసినవాడే తర్వాత మెరుస్తాడు, అందుకే ఆశ" అంటారు. ఇది పూర్తిగా తప్పు. రూకీ శాక్‌ల రికార్డు టెనెసీ జెవాన్ కర్స్‌ది, 1999లో 14.5. తర్వాత పదేళ్ళు ఆడినా మళ్ళీ అంత దూరం రాలేదు. ఆల్డన్ స్మిత్ 2011లో రూకీగా 14, మరుసటి ఏడాది 19.5 చేశాడు. ఆ తర్వాత కేసులు, సస్పెన్షన్లు అతని ఆటను మింగేశాయి. జాడివియన్ క్లౌనీ 2014లో మొదటి పిక్‌గా వచ్చి మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిన్నాడు. అందరూ అతని పని అయిపోయిందన్నారు. తర్వాత వరసగా మూడు ప్రో బౌల్స్‌కు ఎంపికయ్యాడు.

ఇక మన ఇంటి లెక్కే చూద్దాం. 2008 ఫిబ్రవరిలో, అప్పటిదాకా ఒక్క ఆటా ఓడని న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను జెయింట్స్ 17-14తో కూల్చింది. టామ్ బ్రేడీని ఆ రాత్రి ఐదుసార్లు నేలకు కొట్టారు. జెయింట్స్ అభిమాని ఎవర్ని నిద్రలేపి అడిగినా ఆ డిఫెన్స్ లైన్‌లో మూడు పేర్లు చెప్తాడు: మైఖేల్ స్ట్రాహన్, ఓసీ ఉమెన్యోరా, జస్టిన్ టక్. స్ట్రాహన్ 1993లో రెండో రౌండ్‌లో వచ్చాడు. రూకీగా ఎన్ని శాక్‌లు? ఒకటి. ఉమెన్యోరా 2003లో రెండో రౌండ్‌లో వచ్చాడు. రూకీగా ఒకటి. టక్ 2005లో మూడో రౌండ్‌లో వచ్చాడు. అతనూ ఒకటే. ముగ్గురికీ కలిపి మూడు. మా శ్రీమంతం పెద్దమనిషి లెక్క ప్రకారం ఆ ముగ్గుర్నీ మొదటి ఏడాదే ఇంటికి పంపాలి. పంపితే 2008 ఫిబ్రవరి రాత్రి ఉండేదే కాదు. స్ట్రాహన్ మొదటి నాలుగేళ్ళ లెక్క 1, 4.5, 7.5, 5. ఐదో ఏడాది 14. ఆయన్ను ఆ నాలుగేళ్ళూ భరించి, నేర్పి, నిలబెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టే హాల్ ఆఫ్ ఫేమ్‌లో విగ్రహం ఉంది, 92 నంబర్‌ను ఇంకెవరూ తొడుక్కోకుండా పక్కన పెట్టారు.

మరి ఎలా చూడాలి అని అడుగుతారు. నా దగ్గర పెద్ద శాస్త్రమేమీ లేదు. బంతి వెనక కాకుండా ఒక్కోసారి వరస చివర ఉన్నవాడి మొదటి అడుగు చూడండి. అతని మీదకు ఎంతమందిని పంపుతున్నారో చూడండి. అవతలివాళ్ళు బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తి వచ్చినప్పుడు మధ్యలో గోడ ఉందో లేదో చూడండి. గత ఏడాది జెయింట్స్ పరుగును ఆపడంలో లీగ్‌లోనే అట్టడుగు వరసలో ఉంది. దాని మీద కేకలు వేయండి. సీజన్ టికెట్ డబ్బు కట్టేముందు, వెనక కాపలా బాగుచేయడానికి ఏం చేస్తున్నారని జట్టు ఆఫీసుకు ఉత్తరం రాయండి. కుర్రాడికి మూడు సీజన్లు ఇవ్వండి. ఎలాగూ ఆ మూడేళ్ళూ జీతం పెంచమనే హక్కు అతనికి లేదు. ఆ మూడేళ్ళూ తిట్టే హక్కు మనమూ వదులుకుందాం.

ఇంకో మాట, ఇంట్లో పిల్లలున్న మనవాళ్ళకు. జనవరిలో ఒక పిల్లవాడు 51 జెర్సీ వేసుకుని బడికి వెళ్తానంటే వాళ్ళ నాన్న "అది తీసెయ్‌రా, పరువు పోతుంది" అన్నాడని విన్నాను. తొమ్మిదేళ్ళ పిల్లవాడు. వాడు మాత్రం ఆ ఆటగాణ్ణి ఇష్టపడటం మానలేదట. అయ్యా, ఆ జెర్సీ కొన్నది మీరు, ఆశ పెట్టింది మీరు. వాణ్ణి వేసుకోనివ్వండి.